నా ఫ్రిజ్‌లో లక్ష్మణమ్మ వేళ్ళు

పొందూరు బజారులో నా కూల్‌డ్రింకుల కొట్టు ఎక్కడుందని అడిగితే ఎవరైనా చూపిస్తారు. చూపించలేకపోతే వాళ్ళు పొందూరు వాళ్ళు కాదని అర్థం. ఆ కొట్టులో నా ఎత్తున ఒక ఫ్రిజ్ ఉంది. తుపానుకి మూడు రోజులు కరెంటు పోయినప్పుడు కూడా అందులో నీళ్ళు గడ్డకట్టే ఉన్నాయని, చల్లదనానికి ఆశపడి లోపల దూరిన బల్లి బయటికొచ్చి రెండుసార్లు తుమ్మిందని నేను చెబుతుంటాను. నేను శ్రీకాకుళంలో బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివినవాణ్ణి. రెండో ఏడు ల్యాబులో నేను కలిపిన రసాయనానికి పైకప్పు లేచి పక్క వీధి సినిమా హాలు మీద పడిందని, ఆ భయంతోనే కాలేజీ వాళ్ళు నన్ను దండం పెట్టి ఇంటికి పంపించారని కూడా చెబుతుంటాను. అయిదు సబ్జెక్టులు పోయిన సంగతి ఎవరూ అడగరు, నేనూ చెప్పను.

ఇదంతా ముందే ఒప్పుకోవడానికి కారణం ఉంది. ఈ కథ లక్ష్మణమ్మది. ఇందులో లెక్కలోకి వచ్చే అబద్ధం ఒకే ఒక్కటి ఉంది. అది నాది. నా జన్మలో ఆడిన వేల అబద్ధాల్లో అది చాలా చిన్నది, పట్టుమని పది మాటలు లేవు.

లక్ష్మణమ్మకి యాభై ఆరేళ్ళు. వరసకి నాకు అత్త అవుతుంది. పదమూడో ఏట రాట్నం ముందు కూచుంది. ఆమె తీసిన నూలు పోగు కంటికి కనపడదు, చెంపకి తగిలితే గానీ అక్కడ ఉన్నట్టు తెలియదు. ఒకసారి ఆమె కదురు మీంచి ఒక పోగు గాలికి లేచిపోయిందని, దాని కొస పట్టుకోడానికి నేను సైకిలు మీద శ్రీముఖలింగం దాకా తరిమానని, అది గుడి శిఖరానికి మూడు చుట్లు చుట్టుకుని ఇంకా వంశధార మీద వేలాడుతోందని నేను బేరాలకు వచ్చినవాళ్ళకి చెప్పేవాణ్ణి. లక్ష్మణమ్మ ఓరోజు పక్కనే నిలబడి అంతా విన్నది.

"ఒరే అల్లుడా, ఆ పోగు మజ్జిలో ఎక్కడైనా తెగినాదేటి?" అంది.

"లేదత్తా."

"అయితే నాదే. తెగిందంటే మాత్రం ఇంకెవులిదో సూసుకో."

అదీ ఆమె. నాలాంటి వాడి కోతని కూడా తన పని మీద గౌరవంగా మార్చుకునేది.

మా ఊరి సన్నటి నూలుకి ఇనప దువ్వెన పనికిరాదు. గింజ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఎండిన ఆ దవడకి వెంట్రుకల్లాంటి సన్న పళ్ళుంటాయి. నలకంతా వాటికి చిక్కుకుంటుంది, పత్తి పోచ మాత్రం నలగదు. ఆ దువ్వే పని లక్ష్మణమ్మ తోటికోడలు చిన్నతల్లిది. లక్ష్మణమ్మ కంటే ఎనిమిదేళ్ళు చిన్న. అన్నదమ్ములిద్దరూ మెట్ట చేలో పెసలు, నువ్వులు పండిస్తారు. ఆడవాళ్ళిద్దరూ ఒకే వసారాలో కూచుంటారు. ఒకరు పత్తి దువ్వి ఏకులుగా చుడతారు, ఇంకొకరు ఆ ఏకుల్ని నూలుగా వడుకుతారు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అది వాళ్ళ అత్త కూర్మమ్మ పెట్టింది. చిన్నతల్లి కాపురానికి వచ్చిన రోజున కూర్మమ్మ ఒక చేప దవడని నడిమికి విరిచి, చెరొక ముక్క కోడళ్ళ చేతిలో పెట్టి, "ఇది ఒక్క నోరు. ఇందులో ఏది పడినా ఇద్దరిదీ" అందట. కూర్మమ్మ పోయి పద్నాలుగేళ్ళయింది, మాట మాత్రం పోలేదు. మామిడిపండు కోస్తే సగం సగం. జాతరలో గాజులు కొంటే చెరో ఆరు. ఒకరికి జ్వరం వస్తే మాత్రను పంటితో కొరికి ఇద్దరూ చెరిసగం మింగేవాళ్ళు, జ్వరం లేనిదానితో సహా. నేను పడీపడీ నవ్వేవాణ్ణి. "అత్తా, రేపు యముడొస్తే నడుం కాడికి కోసి తీసుకెళ్ళమంటారేటి?" అంటే, "ఆడికి బుద్ధుంటే ఇద్దరికీ సీటు తెస్తాడు" అనేది చిన్నతల్లి.

ఆ మాత్ర దగ్గరే నాకు భయం వేసి ఉండాల్సింది.

ఆరేళ్ళ కిందట లక్ష్మణమ్మ వేళ్ళకి కీళ్ళవాతం పట్టుకుంది. తెల్లారేసరికి వేళ్ళు అల్లం కొమ్ముల్లా వాచి, ముడుచుకుని, తెరుచుకునేవి కావు. వేడి గంజిలో చేతులు ముంచుకుని గంటన్నర కూచుంటే గానీ గ్లాసు పట్టుకోలేదు. రెండేళ్ళకి చిన్నతల్లికీ అదే వచ్చింది. ఊరు ఊరంతా నవ్వింది, జబ్బు కూడా చెరిసగం పంచుకున్నారని. ఆ నవ్విన వాళ్ళలో అందరికంటే పెద్ద గొంతు నాది.

డాక్టర్లు మందులిచ్చారు. కొన్ని కడుపును పుండు చేశాయి, కొన్ని మొహాన్ని ఉబ్బించాయి, ఒకటి కళ్ళకి పడలేదు. నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. రాట్నం మీద గుడ్డ కప్పేసింది లక్ష్మణమ్మ. ఒకరోజు నా కొట్టుకొచ్చి, ఐసు ముక్కలు అడిగి, చేతులు రెండూ ఐసు డబ్బాలో పెట్టి, గోడకి తల ఆనించి, "అల్లుడా, ఈ వేళ్ళు కోయించీసుకుంటే నొప్పి పోతాదేటిరా?" అని అడిగింది. హాస్యానికి అడగలేదు. పోతుందంటే కోయించుకునేలా ఉంది. నాకు ఆ పూట ఒక్క కోత కూడా దొరకలేదు.

ఆ దశలో వచ్చింది డాక్టరు గౌతమి.

గౌతమిది శ్రీముఖలింగంలో తరతరాలుగా గుడి సేవ చేసుకునే కుటుంబం. డాక్టరీ చదివి, ఆ తర్వాత వైద్యం చేయడం మాని మందులు తయారు చేసే పరిశోధనలోకి దిగింది. పెప్టైడ్ అనే రకం మందు మీద పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. అది మనుషుల మీద పరీక్ష చేసే దాకా వచ్చింది. పొందూరులో చేతుల నొప్పి ఉన్న ఆడవాళ్ళని పిలిచి, రక్తాలు తీసి, అందులో ఆరుగురిని ఎంచుకుంది. లక్ష్మణమ్మ, చిన్నతల్లి ఇద్దరూ ఆ ఆరుగురిలో ఉన్నారు. ఒకే ఇంటి వాళ్ళని ఇద్దరిని తీసుకోవద్దని పైవాళ్ళన్నారట. ఆ చేతులు చూశాక గౌతమే పట్టుబట్టింది.

నా కొట్టు ముందు బల్ల మీద కూచుని ఆ మందు గురించి చెప్పింది. పక్కన నేనున్నాను కాబట్టి కెమిస్ట్రీ తెలిసినవాడిలా తల ఊపుతూనే ఉన్నాను.

"మన ఒంట్లో చిన్న చిన్న గింజల్లాంటివి ఉంటాయమ్మా. వాటిని వరసలో గుచ్చితే దండ అవుతుంది. ఏ గింజ పక్కన ఏ గింజ ఉందన్నదాన్ని బట్టి ఒక్కో దండ ఒక్కో పని చేస్తుంది. నేను గుచ్చింది పందొమ్మిది గింజల దండ. మీ కీళ్ళ దగ్గర వాపుని లోపలికి రానిచ్చే తలుపు ఒకటి ఎప్పుడూ తెరిచే ఉంటోంది. ఈ దండ వెళ్ళి ఆ తలుపు గడియలో కూచుంటుంది."

"మరి మింగడానికి ఇవ్వొచ్చు గదమ్మా, సూదెందుకు?" అంది చిన్నతల్లి.

"మింగితే కడుపు దాన్ని పప్పులా అరిగించేస్తుంది. రక్తంలోకి ఎక్కించినా మొదట్లో నిలవలేదు. అయిదేళ్ళ పాటు ఏ దండ గుచ్చినా నాలుగు నిమిషాల్లో విడిపోయేది."

లక్ష్మణమ్మ కాస్త ముందుకు జరిగింది. "కొసలు ఒగ్గీసినావేటి?" అంది.

"అంటే?"

"దండకి రెండు కొసలుంటాయి గదా. ఒగ్గీస్తే అక్కడినించే ఇడిపోతాది. ఏ పోగైనా అంతే. రెండు కొసలూ కలిపి ముడెయ్యాల."

గౌతమి పెద్దగా నవ్వేసింది. "అది తెలుసుకోడానికి మాకు అయిదేళ్ళు పట్టిందమ్మా! ఇప్పుడిది అలా ముడేసిన దండే."

ఆ సలహా గౌతమికి నేనే ఇచ్చానని తర్వాత నెల రోజులు ఊరంతా చెప్పుకున్నాను. లక్ష్మణమ్మ ఖండించలేదు.

తర్వాత గౌతమి అసలు షరతులు చెప్పింది. ఇరవై నాలుగు వారాలు, వారానికొక సూది. సగం మందికి నిజం మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది వెళ్తోందో వేసుకునేవాళ్ళకి తెలియకూడదు, తనకీ తెలియదు.

"దేవుడికి తెలుసా?" అంది చిన్నతల్లి.

"కంప్యూటరుకి తెలుసు" అంది గౌతమి. "మీకు ఎవరి నంబరు వారిది. లక్ష్మణమ్మగారు పదిహేడు, మీరు పద్దెనిమిది. ఒకరిది ఒకరు వేసుకోకూడదు. ఇది మాత్రం మరిచిపోవద్దు." ఆ మాట మూడుసార్లు చెప్పింది. ఇరవై నాలుగు వారాలూ పద్ధతిగా ఉన్నవాళ్ళకి, వాళ్ళకి వెళ్ళింది ఉప్పునీళ్ళయినా సరే, ఆ తర్వాత ఏడాది పాటు నిజం మందే ఇస్తామంది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. వేళ్ళు వంగక లక్ష్మణమ్మ సంతకం గోడ మీద తేలు పాకినట్టు వచ్చింది.

మందు చల్లగా ఉంచాలి. వాళ్ళింట్లో ఫ్రిజ్ లేదు. అలా నా ఫ్రిజ్‌కి ఆ భాగ్యం పట్టింది. పై అరలోంచి సోడాలు తీసేసి తుడిచాను. గౌతమి అందులో చలి కొలిచే చిన్న మీటరు పెట్టింది. పదిహేడు అని రాసిన పెట్టె ఒకటి, పద్దెనిమిది అని రాసినది ఒకటి. సూదంటే సూదిలా ఉండదు, లావుపాటి పెన్నులా ఉంటుంది. పొట్ట మీద ఆనించి అరచేత్తో నొక్కితే చాలు. నొక్కడానికి మాత్రం ఎవరి చేతులు వాళ్ళకి లొంగవు కాబట్టి, ఒకరికొకరు వేసుకోవచ్చని గౌతమి ఒప్పుకుంది. ప్రతి సోమవారం పొద్దున్న ఇద్దరూ వచ్చి కొట్టు వెనక గదిలో వేసుకునేవారు. ఆ రోజుల్లో నేను కొట్టుకి వచ్చినవాళ్ళందరితో, "పై అర తెరవకండి, అందులో లక్ష్మణమ్మ వేళ్ళున్నాయి" అనేవాణ్ణి.

నాలుగు వారాలు గడిచాయి. ఎవరికీ ఏమీ తేడా లేదు. నాలుగో సోమవారం లక్ష్మణమ్మ కళ్ళు వాచి ఉన్నాయి. ముందురోజు మనవరాలికి జడ వేయబోతే దువ్వెన చేతిలోంచి జారిపోయిందట, ఆ పిల్ల "మామ్మా, నువ్వొద్దులే" అందట. ఆ ఒక్క మాటకి పొద్దుటి దాకా ఏడ్చింది.

"నాకు ఉప్పునీళ్ళే ఎల్తన్నాయే సిన్నతల్లీ" అంది. "నా మొకానికి మందు కూడానా!"

చిన్నతల్లి నా వైపు తిరిగింది. "ఒరే గంగులూ, నువ్వు కెమిస్ట్రీ సదివినోడివి గదా. ఏది మందో ఏది ఉప్పునీళ్ళో సూసి సెప్పలేవేటి?"

తెలియదు అనే మాట నా నోట్లో ఎప్పుడూ కుదురుగా కూచోలేదు. పెన్నులు రెండూ తీసి గుమ్మం దగ్గరికి వెళ్ళి ఎండకేసి చూశాను. పెన్నుకి చిన్న గాజు కిటికీ ఉంటుంది. రెండింటిలోనూ ఒకేలాంటి నీళ్ళు. నా కుడి చేతిలో ఉన్నది పదిహేడు. లక్ష్మణమ్మ మొహం చూశాను.

"ఇదే మందు" అన్నాను. "ఇందులో వెలుగు వంకర తిరుగుతోంది. పదిహేడే."

అంతే. ఆమెను ఒక్కసారి నవ్వించాలని అన్నాను. ఆమె నవ్వింది కూడా.

ఆరో వారానికి లక్ష్మణమ్మ వేళ్ళు తెరుచుకున్నాయి. నేను కోతలు కోసేవాణ్ణే గానీ ఇది కోత కాదు. తెల్లారి లేచి గంజి లేకుండానే గ్లాసు పట్టుకుంది. మనవరాలికి జడ వేసింది. రాట్నం మీద గుడ్డ తీసి, కదురుకి నూనె రాసి, ఒక్క ఏకు వడికి, ఆ నూలు చుట్టుకుని నా కొట్టుకి పరుగెత్తుకొచ్చింది. "సూడరా, తెగనేదు! ఒక్క సోట కూడా తెగనేదు!" బజారులో జనం ఆగి చూశారు. నేను నా ఫ్రిజ్‌కి కొబ్బరికాయ కొట్టాను.

చిన్నతల్లి చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. వసారాలో దవడ ముక్క చేతిలో పట్టుకుని పత్తి దువ్వబోయేది, రెండు గీతలు గీసేసరికి చెయ్యి ఒళ్ళో పడిపోయేది. పక్కన లక్ష్మణమ్మ రాట్నం తిరిగేది. చిన్నతల్లి అక్కతో అన్నట్టు, "నీకైనా తగ్గింది గదప్పా, సాలు" అనేది. ఆ మాట వినలేక లక్ష్మణమ్మ రాట్నం ఆపేసేది.

తొమ్మిదో వారం వెనక గదిలోకి మంచినీళ్ళ చెంబు ఇవ్వబోయి చూశాను. లక్ష్మణమ్మ చిన్నతల్లి పొట్ట మీద ఆనించిన పెన్ను మీద పదిహేడు అని ఉంది.

"అత్తా! ఇదేటిది?"

"ఒక వారం ఎవులిది ఆలు. ఒక వారం మార్సుకుంటన్నాం. ఏడో వారం నుంచీ" అంది లక్ష్మణమ్మ, తప్పు చేసినట్టు కాదు, మామిడిపండు కోసి ఇచ్చినట్టు. "నా నోట్లో పడింది దాని నోట్లో పడొద్దేటి? మా అత్త బతికుంటే నా మొకాన ఊసీది."

"డాక్టరమ్మ ఒద్దన్నాది గదా!"

"డాక్టరమ్మకి తోటికోడలు నేదు."

అప్పుడు నేను చెప్పాల్సింది ఒక్కటే మాట. పదిహేడులో ఏముందో నాకు తెలియదు, ఆవేళ నోటికొచ్చింది అన్నాను, అని. ఆ మాట చెబితే లక్ష్మణమ్మ నవ్వు పోతుంది. నా కెమిస్ట్రీ పోతుంది. చెంబు అక్కడ పెట్టి బయటికొచ్చేశాను. ఆ తర్వాత ప్రతి సోమవారం పెట్టెలు తీసి ఇచ్చింది నేనే. ఒక వారం నేరుగా, ఒక వారం తారుమారుగా.

నెల తిరిగేసరికి లక్ష్మణమ్మ వేళ్ళు మళ్ళీ కాస్త బిగిశాయి. సగం ఇచ్చేసింది కాబట్టి సగమే ఉంటుందని సర్దుకుంది. చిన్నతల్లికి మాత్రం ఏమంత తేడా లేదు. "నీది నా ఒంటికి ఎక్కడానికి టైం పడతాదేమో" అనేది చిన్నతల్లి. ఇద్దరూ వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకునేవాళ్ళు. ఇరవై నాలుగు అయిపోతే ఇద్దరికీ ఏడాది మందు. అదొక్కటే చూస్తున్నారు.

పద్నాలుగో వారం అందరికీ రక్తాలు తీశారు. పదహారో వారం, సోమవారం కాదు, గౌతమి జీపు నా కొట్టు ముందు ఆగింది. నవ్వలేదు. ఇద్దరినీ పిలిపించింది. ఫ్రిజ్ తెరిచి రెండు పెట్టెలూ తీసి ఒళ్ళో పెట్టుకుని సోడా పెట్టె మీద కూచుంది.

"మందు ఉండకూడని రక్తంలో మందు కనిపించిందమ్మా. అందుకే కంప్యూటరులో మీ నంబర్లు విప్పి చూశారు. ఎన్నాళ్ళ నుంచి మార్చుకుంటున్నారు?"

వాళ్ళు దాచలేదు. లక్ష్మణమ్మే అంతా చెప్పింది, దవడ సంగతితో సహా. చివరికి, "ఒకే ఇంట్లో ఒకల్ని తినబెట్టి ఒకల్ని పస్తుంచుతామా తల్లీ? తప్పైతే నన్ను తిట్టు. దీని వంతు మాత్రం ఆపీకు. నా పదిహేడు మొత్తం దానికే రాసీ" అంది.

గౌతమి పదిహేడు పెట్టెని ఆమె ముందుకు జరిపింది. "పదిహేడులో ఉన్నది ఉప్పునీళ్ళమ్మా" అంది. "మందు పద్దెనిమిదిది."

నా ఫ్రిజ్ మోటారు గుర్రుమంటూ తిరుగుతోంది.

"కాదు" అంది లక్ష్మణమ్మ. చేతులు రెండూ ముందుకు చాపింది. "ఇయి సూడు. తెరుసుకున్నాయి. జడేసినాను. నూలు తీసినాను. ఉప్పునీళ్ళకి నూలొస్తాదేటి?"

"వస్తుందమ్మా. తగ్గుతోందని గట్టిగా నమ్మితే కొందరికి కొన్నాళ్ళు నిజంగానే తగ్గుతుంది. అందుకే మేం ఉప్పునీళ్ళు కూడా ఇచ్చి చూస్తాం, మందు వల్ల ఎంత, నమ్మకం వల్ల ఎంత అని." గౌతమి చిన్నతల్లి వైపు తిరిగింది. "ఈ దండ నెమ్మదిగా పని చేస్తుంది. ముందు చేసిన పరీక్షల్లో పది పన్నెండు వారాలు ఆగకుండా పడితే గానీ వాపు తగ్గలేదు. మీకు ఆరు వారాలు పడింది. తర్వాత వారం విడిచి వారం..."

చిన్నతల్లికి అర్థమైంది. ఆమె లక్ష్మణమ్మ వైపు చూసిన చూపు నేను వర్ణించలేను, కోతలు కోసే నోటికి అందే చూపు కాదది.

"నువ్వు నాకిత్తన్నావనుకున్నానప్పా" అంది మెల్లగా. "నా కాడ తీసుకున్నావు."

"నాకు తెల్దే..."

"పదిహేడులోనే మందు ఉందని మీకెవరు చెప్పారు?" అంది గౌతమి.

లక్ష్మణమ్మ నా వైపు చూసింది. చిన్నతల్లీ చూసింది. నేను నేల వైపు చూశాను. అప్పుడు కూడా నాకు నోరు రాలేదు. నోరు తప్ప మరేమీ లేని గంగులుకి.

"ఎవులూ సెప్పనేదు" అంది లక్ష్మణమ్మ. "మాకే అనిపించినాది."

గౌతమి లేచింది. ఇద్దరి నంబర్లూ కొట్టేయక తప్పదంది. అన్ని ఊళ్ళూ కలిపి ఉన్న నలభై మందిలో ఇద్దరు పోయారు, అదీ తన పట్టుదల వల్ల వచ్చినవాళ్ళు. పరీక్ష మొత్తాన్నే ఆపుతారేమోనని తనకీ భయంగా ఉందంది. లక్ష్మణమ్మ జీపు తలుపు పట్టుకుంది. "నన్ను తీసీ. దాన్ని ఉంచు. అది ఏ తప్పూ సేయనేదు. మొదటినించీ మళ్ళీ ఎయ్యి." గౌతమి ఆ వేళ్ళను ఒక్కొక్కటే మెల్లగా విడిపించింది. విడిపిస్తూ ఏడ్చింది. "ఒకసారి రక్తం కలిసిపోయాక మళ్ళీ లెక్కలోకి తీసుకోరమ్మా. నా చేతిలో లేదు. బజారులో కొనాలన్నా ఈ మందు ఇంకా ఎక్కడా లేదు."

లక్ష్మణమ్మ ఊరుకోలేదు. మర్నాటి నుంచి మూడు రోజులు నేను, ఆమె శ్రీకాకుళం వెళ్ళి ఆ పరీక్ష నడిపే ఆఫీసు వరండాలో బల్ల మీద కూచున్నాం. వచ్చే పోయే ప్రతి కోటుకీ ఆమె దండం పెట్టింది. దండం పెట్టడానికి కూడా ఆ చేతులు సరిగ్గా కలిసేవి కావు. మూడో రోజు ఒకాయన మమ్మల్ని లోపలికి పిలిచి, కూచోబెట్టి, మంచినీళ్ళిచ్చి, గౌతమి చెప్పిందే ఇంకా మర్యాదగా చెప్పాడు. బస్సులో తిరిగొస్తూ నేను ఒప్పుకున్నాను. ఎండకేసి చూస్తే నాకేమీ కనపడలేదని, ఆవేళ నీ ఏడుపు చూడలేక అన్నానని.

లక్ష్మణమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది. "నువ్వెప్పుడు నిజం సెప్పినావురా, ఆవేళ సెప్పడానికి? నమ్మినదాన్ని నాను" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

నిజం తెలిసిన పదో రోజుకి ఆమె వేళ్ళు పూర్తిగా ముడుచుకుపోయాయి. మొదటికంటే ఎక్కువ. రాట్నం మీద మళ్ళీ గుడ్డ పడింది. చిన్నతల్లి తన చేప దవడ ముక్క తెచ్చి నా కొట్టు బల్ల మీద పెట్టి, "మా అప్పకి ఇచ్చీ" అని వెళ్ళిపోయింది. ఒకే వసారాలోకి తెరుచుకునే రెండు గదుల మధ్య అది నా చేతి మీదుగా నడవాల్సి వచ్చింది. నేను ఇవ్వలేదు. ఫ్రిజ్ పై అరలో పెన్నులుండే చోట పెట్టాను. సోడాలు మళ్ళీ అక్కడ సర్దబుద్ధి కాలేదు.

మొన్న సోమవారం పొద్దున్న లక్ష్మణమ్మ వచ్చింది.

"అల్లుడా, నువ్వొక పని సెయ్యాల. సిన్నతల్లి కాడికి రా. ఏదో ఒక సీసా పట్టుకురా, ఎండకేసి సూడు, ఇది డాక్టరమ్మ దొంగతనంగా ఇచ్చింది, ఇదే మందు అని సెప్పు. ఆవేళ నాకు ఎలాగ సెప్పినావో అలాగే. దాని సేతులు తెరుసుకుంటే సాలు. పది రోజులు తెరుసుకున్నా సాలు."

"అత్తా, అది అబద్ధం."

"అవును. నీకు రాందేటి అది?"

వద్దని చాలా చెప్పాను. ఆమె బల్ల అంచుకి నుదురు ఆనించి, "నా కాడ ఇంకేటుందిరా దానికివ్వడానికి?" అంది. ఆ మాట మీద కదిలాను. ఒక సోడా సీసాకి లేబుల్ చింపేశాను. ఇద్దరం వెళ్ళాం.

చిన్నతల్లి వసారాలో గోడకి ఆనుకుని కూచుంది. చేతులు ఒళ్ళో, అరచేతులు పైకి పెట్టుకుని. నేను ఎండలో నిలబడి సీసా ఎత్తాను. సోడాలో బుడగలు లేస్తున్నాయి. వెలుగు నిజంగానే వంకర తిరుగుతోంది. చెప్పాల్సిన మాటలన్నీ నాకు తెలుసు. లక్ష్మణమ్మ నా వెనక నిలబడి ఉంది. నేను నోరు తెరిచాను. పొందూరు పోగుని శ్రీముఖలింగం దాకా తరిమిన నోరు అది. ఒక్క మాట రాలేదు.

చిన్నతల్లి సీసాకేసి చూసింది, నాకేసి చూసింది, నా వెనక ఉన్న లక్ష్మణమ్మకేసి చూసింది. ఎవరి ఆలోచనో ఆమెకి చెప్పక్కర్లేదు.

"ఒరే గంగులూ," అంది, "అబద్ధం ఆడ్డం కూడా సేతకాకుండా పోనాదేటిరా నీకు?"

లక్ష్మణమ్మ అక్కడే గుమ్మంలో కూలబడిపోయింది. వాకిట్లోంచి గాలి కొట్టి తలుపు టపటపా కొట్టుకుంటోంది.

"లోపలికొచ్చి కూకో అప్పా" అంది చిన్నతల్లి, అటు చూడకుండానే. "ఆ తలుపుకి గడియెయ్యాల. నా వల్ల కాదు."

లక్ష్మణమ్మ లేచి వెళ్ళింది. గడియ దగ్గర రెండు చేతులూ కలిపి నొక్కింది, మణికట్టుతో తోసింది, మోచేత్తో తోసింది. పడలేదు. చివరికి సీసా కింద పెట్టి నేనే వేశాను.

దవడ ముక్క ఇంకా నా ఫ్రిజ్‌లోనే ఉంది. ఎవరూ అడగలేదు.